నవ్వు నలుగురికీ... నమలడం మనకి!

ఈ మధ్య మన ఊళ్ళల్లో ఆడపిల్ల పెళ్ళి పనుల జాబితాలోకి కొత్తగా ఒకటి వచ్చి చేరింది. బంగారం, చీరెలు, ఫంక్షన్ హాలు, కేటరింగు... వాటి సరసన 'అలైనర్లు'! ఎత్తుపళ్ళో, సందుపళ్ళో, పన్ను మీద పన్నో ఉన్న పిల్లకి సంబంధాలు చూడడం మొదలెట్టగానే తల్లులు డెంటల్ క్లినిక్కుల మెట్లెక్కేస్తున్నారు. వెనకటికి 'క్లిప్పులు' అనేవాళ్ళం. పళ్ళకి తీగలు కట్టించుకుని, ఏడాదో రెండేళ్ళో చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాల్సొచ్చేది. ఇప్పుడా బాధ లేదు. కంటికి ఆనని ప్లాస్టిక్ తొడుగులు. తినేటప్పుడు తీసి డబ్బాలో పెట్టుకోవచ్చు. ఫోటోల్లో కనపడవు. మంచిదే! సైన్సు మన కష్టం తగ్గిస్తానంటే వద్దనేవాళ్ళెవరు?

అయితే పలువరస సర్దించుకునే ఈ హడావిడిలో అసలు పళ్ళు దేనికున్నాయో మర్చిపోతున్నామేమోనని నా భయం.

ఏ క్లినిక్కు బోర్డయినా చూడండి. 'ముందు', 'తర్వాత' అని రెండు ఫోటోలు. రెండింట్లోనూ కనిపించేవి ముందరి ఆరు పళ్ళే. వెనక, దవడల్లో కూర్చుని రోజూ మన అన్నం నలిగేలా చేసే పళ్ళు ఏ బొమ్మలోనూ ఉండవు. మనం మాత్రం తక్కువ తిన్నామా? డాక్టరుగారి ముందు కూర్చోగానే మొదటి ప్రశ్న, "ఎన్ని నెలలు పడుతుందండీ? మాఘమాసంలో ముహూర్తం అనుకుంటున్నాం." రెండో ప్రశ్న, "ఎంతవుతుంది?" మూడో ప్రశ్న ఉండదు. ఆ మూడో ప్రశ్న గురించే ఈ నాలుగు మాటలూ.

తిరగలికి రెండు రాళ్ళు

మన అమ్మమ్మల తిరగలి గుర్తుందా? పైరాయి ఎంత నునుపుగా, ఎంత అందంగా ఉన్నా కిందిరాయి మీద సరిగ్గా కూర్చోకపోతే గింజ నలగదు. ఒకవైపు రాపిడి, ఇంకోవైపు ఖాళీ. పళ్ళూ అంతే. నోరు మూసినప్పుడు పైవరసా కిందివరసా ఒకదానితో ఒకటి కలిసే తీరునే డాక్టర్లు 'బైట్' అంటారు. ముందర పైపళ్ళు కిందిపళ్ళని కొద్దిగా కప్పాలి. వెనక దవడపళ్ళ గుబ్బలు ఎదుటి పళ్ళ గుంటల్లో కూర్చోవాలి. అప్పుడే ముందరి పళ్ళు కొరకగలవు, వెనకవి నమలగలవు.

ఈ సంగతి కొత్తదేం కాదు. 1899లో ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికన్ డాక్టరు పలువరస లోపాల్ని మూడు తరగతులుగా విడదీశాడు. ఆ వర్గీకరణనే ఈనాటికీ డెంటల్ కాలేజీల్లో చెబుతున్నారు. తమాషా ఏమిటంటే, ఆయన కొలబద్దగా తీసుకున్నది నవ్వితే కనిపించే పళ్ళని కాదు! ఆరేళ్ళ వయసులో వచ్చే మొదటి పెద్ద దవడపళ్ళని. అవి పైనా కిందా ఎక్కడ కలుస్తున్నాయన్నదే ఆయనకి ముఖ్యం. నవ్వు గురించి మనం ఎంత మాట్లాడుకున్నా, లెక్క మొదలయ్యేది వెనకనుంచే.

ఇంకో సంగతి. పన్ను ఎముకలో మేకులా దిగ్గొట్టి ఉండదు. సన్నని నారపోగులతో ఊయలలా అమరి ఉంటుంది. అందుకే అన్నంలో నలకంత రాయి తగిలినా మనకి ఝల్లుమంటుంది. ఒకవైపు నుంచి నెమ్మదిగా, విడవకుండా నొక్కితే అటు ఎముక కరుగుతుంది, వెనక కొత్త ఎముక చేరుతుంది. పన్ను జరుగుతుంది. క్లిప్పులైనా అలైనర్లైనా చేసేది ఇదే.

ప్లాస్టిక్ చేసే మంచీ చెడూ

అలైనర్ల పద్ధతి తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. నోటిని స్కాన్ చేస్తారు. కంప్యూటర్లో పళ్ళని కొద్దికొద్దిగా జరుపుతూ చివరి రూపం దాకా బొమ్మ గీస్తారు. ఒక్కో మెట్టుకి ఒక్కో తొడుగు. ఒక్కో తొడుగు పన్నుని జరిపేది సుమారు పావు మిల్లీమీటరు. రోజుకి ఇరవై నుంచి ఇరవై రెండు గంటలు పెట్టుకోవాలి, వారానికో రెండువారాలకో మార్చుకోవాలి. 1997లో అమెరికాలో మొదలైన అలైన్ టెక్నాలజీ అనే కంపెనీ ఇన్విజలైన్ పేరుతో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. మొదట్లో పలువరస నిపుణులైన ఆర్థోడాంటిస్టులకే ఇచ్చేవాళ్ళు. 2001 తర్వాత మామూలు డెంటిస్టులకీ ఇవ్వడం మొదలైంది. ఇప్పుడు మన దేశంలోనూ రకరకాల కంపెనీలు. చిన్నచిన్న ఊళ్ళ క్లినిక్కుల్లోనూ దొరుకుతున్నాయి.

తీగల క్లిప్పులు పన్ను ముఖానికి అంటుకుని ఉంటాయి. అలైనరు అలా కాదు, పన్ను నెత్తిన కూడా టోపీలా కప్పుకుని కూర్చుంటుంది. అంటే నోరు మూసినప్పుడు పైపన్నుకీ కిందిపన్నుకీ మధ్య ఎప్పుడూ రెండు పొరల ప్లాస్టిక్! నెలల తరబడి, రోజుకి ఇరవై గంటలకి పైగా దాన్నే నొక్కుతూ ఉంటాం. అందులో రాత్రిళ్ళు పళ్ళు కొరికే అలవాటున్న వాళ్ళయితే మరీను. ఆ వత్తిడికి కొందరిలో దవడపళ్ళు రవ్వంత లోపలికి దిగుతాయి. ముందరి పళ్ళని లోపలికి లాగేటప్పుడు అవి వాలిపోతే, కిందిపళ్ళు ముందే వెళ్ళి వాటికి తగులుతాయి. తలుపు గడపకి తట్టుకుని పూర్తిగా పడనట్టు, వెనకపళ్ళు కలవకుండా ఆగిపోతాయి. చివరి తొడుగు తీసేసరికి ముందర ముత్యాల వరస... వెనక ఖాళీ!

ఇదే గుణం కొందరికి మేలు చేస్తుందన్నది కూడా చెప్పాలి. నోరు మూసినా ముందరి పళ్ళు కలవని వాళ్ళుంటారు. వాళ్ళకి దవడపళ్ళు కాస్త దిగితే ముందరివి కలుస్తాయి. అదే, పైపళ్ళు కిందిపళ్ళని పూర్తిగా కప్పేసి, కిందివి అంగిలికి తగిలేవాళ్ళకి ఆ దిగడం నష్టం. ఒకే ప్లాస్టిక్... ఒకరికి మందు, ఇంకొకరికి ఇబ్బంది. ఎవరికేదో తేల్చాల్సింది డాక్టరుగారి కన్నూ చదువూ. కంప్యూటరు బొమ్మ కాదు.

ఆ బొమ్మ సంగతీ చూద్దాం. డాక్టరుగారు తెర మీద చూపిస్తుంటే పళ్ళు పూసల్లా జరిగి వరసలో కూర్చుంటాయి. మనం మురిసిపోతాం. కానీ అది జరగబోయేది కాదు, జరగాలని కోరుకునేది మాత్రమే. ఇన్విజలైన్ మీద 2009లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. బొమ్మలో చూపించిన కదలికలో నిజంగా ముందరి పళ్ళలో జరిగింది సగటున 41 శాతమేనని తేలింది. ఆ పరిశోధకుల్లో ఒకరు మరికొందరితో కలిసి 2020లో మళ్ళీ కొలిస్తే సుమారు 50 శాతం వచ్చింది. ఇవి చిన్న అధ్యయనాలే, నలభై మందికి లోపే. అందుకని అలైనర్లు పనికిరావని కాదు. మధ్యమధ్యలో ఆగి, నోట్లో ఏం జరిగిందో చూసి, మళ్ళీ స్కాన్ చేసి కొత్త తొడుగులు చేయించాల్సి రావడం మామూలేనన్నమాట. మధ్యలో చూసే మనిషే లేకపోతే?

'అలవాటవుతుందిలే'

మా ఆడపడుచు కూతురి సంగతి చెబుతాను. గుంటూర్లో ఉద్యోగం. పైపళ్ళు కాస్త ఇరుకుగా ఉండేవంతే, ముఖం కళకళలాడుతూనే ఉండేది. సంబంధాలు చూస్తున్నారని ఇంటికి దగ్గర్లో ఉన్న ఓ క్లినిక్కులో అలైనర్లు వేయించారు. తొడుగులన్నీ ఒకేసారి సంచీలో పెట్టి ఇచ్చారట! "వారానికొకటి మార్చుకోమ్మా, ఏదైనా ఇబ్బందుంటే రా" అన్నారట. తొమ్మిది నెలలకి వరస ముచ్చటగా కుదిరింది. నిశ్చితార్థం ఫోటోలు చూసి అందరం మెచ్చుకున్నాం.

సంక్రాంతికి మా ఇంటికొచ్చింది. చేగోడీలంటే ప్రాణం పెట్టే పిల్ల, ప్లేటు పక్కన పెట్టేసింది. చపాతీ చిన్నచిన్న ముక్కలు తుంచి మింగేస్తోంది. ములక్కాడ ముట్టుకోలేదు. "ఏమే, బరువు తగ్గుతున్నావా?" అనడిగితే, "లేదత్తయ్యా, వెనకపళ్ళు ఆనట్లేదు. ముందు పళ్ళతోనే నములుతున్నా. డాక్టరుగారు అలవాటవుతుందిలే అన్నారు" అంది. 

అలవాటవుతుందా? ఏది? నమలకుండా మింగడమా?

వాళ్ళమ్మకి చెప్పి ఆర్థోడాంటిస్టు దగ్గరికి పంపించాం. ఆయన పళ్ళ మధ్య సన్నని నీలం కాగితం పెట్టి కొరకమన్నారు. గుర్తులన్నీ ముందరి పళ్ళ మీదే పడ్డాయి. వెనక రెండువైపులా కాగితం లాగితే జారి వచ్చేసింది. ఆయన చివరి తొడుగుకి వెనకభాగం కత్తిరించేసి, ముందు పళ్ళకి మాత్రం పట్టేలా ఇచ్చారు. ఆనుకోవడానికి పళ్ళకి చోటిస్తే కొన్ని అవే పైకి వస్తాయట. రెండు నెలల్లో కుడివైపు సర్దుకుంది. ఎడమవైపు సర్దుకోలేదు. దానికి మళ్ళీ స్కాను, మళ్ళీ తొడుగులు, చిన్న రబ్బరు బ్యాండ్లు... ఇంకో ఏడు నెలలు. పెళ్ళిభోజనంలో పెళ్ళికూతురు మెత్తటివి ఏరుకుని తింటుంటే ఆ తల్లి ముఖం చూడలేకపోయాను.

ఆ మొదటి డాక్టరుగారు చెడ్డవారని నేనను. నవ్వు సరిచెయ్యమన్నారు, సరిచేశారు. మనం అడగలేదు, ఆయన చూడలేదు.

బీడీఎస్ డాక్టర్లు వెయ్యకూడదా?

వెయ్యకూడదని నేననను. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్ళ బీడీఎస్‌లో ఈ సబ్జెక్టు కూడా ఉంటుంది. ఆపైన మూడేళ్ళు దీన్నే చదివినవాళ్ళు ఆర్థోడాంటిస్టులు. మనలాంటి చిన్న ఊళ్ళల్లో ఆర్థో డాక్టరుగారు వారానికొక రోజు వచ్చి వెళ్తారు. పన్ను నొప్పెడితే, చిగురు వాస్తే అర్ధరాత్రి ఫోనెత్తేది మన వీధి డెంటిస్టే. మన నోరు ఏళ్ళ తరబడి ఎరిగినవాళ్ళు వాళ్ళు. చిన్నపాటి ఇరుకు, కొద్దిపాటి సందు... ఇలాంటివి వాళ్ళు శ్రద్ధగా చేస్తే మనకి ఖర్చూ ప్రయాణమూ తప్పుతాయి.

కానీ తేలికగా కనిపించే పని, తేలికైన పని ఒకటి కాదు కదా! ఇక్కడ తొడుగు తయారుచేసేది కంపెనీ, బొమ్మ గీసేది ఎక్కడో కూర్చున్న టెక్నీషియను. ఇక డాక్టరుగారికి మిగిలిందేమిటి? నా ఉద్దేశంలో అసలు పనంతా మిగిలే ఉంది. మొదలుపెట్టకముందు చిగుళ్ళూ ఎముకా చూడాలి. బైట్ ఎలా ఉందో ఫోటోలతో రాసి పెట్టుకోవాలి. కంపెనీ పంపిన ప్లాను చూసి 'ఊఁ' అనెయ్యకుండా, దవడపళ్ళు చివరికి ఎక్కడ కలుస్తాయో చూడాలి. పిల్ల వచ్చినప్పుడల్లా తొడుగు తీయించి, ఆ నీలం కాగితం పెట్టి చూడాలి. తేడా మూడో నెలలోనే కనిపిస్తే దిద్దడం తేలిక. ఫోటో బాగా వచ్చినప్పుడు కాదు, రెండువైపులా పళ్ళు ఆనినప్పుడు 'అయిపోయింది' అనాలి. దవడ నిర్మాణంలోనే తేడా ఉంటే, కింది దవడ ముందుకో వెనక్కో ఉంటే, 'ఇది నాకు చేతనైన కేసు కాదమ్మా' అని చెప్పగలగాలి.

మా వీధి చివర డాక్టరుగారు అలాగే చెప్పారు. పక్కింటి పిల్లని తీసుకెళ్తే చూసి, "వరస నేను సర్దగలను. కానీ బైట్ చెడుతుంది. ఫలానావారం ఆర్థో డాక్టరు వస్తారు, ఆయన ప్లాను వేస్తే నేను చూసుకుంటా" అన్నారు. ఆయనకి రాబడి తగ్గిందేమో గానీ, నాకు ఆయన మీద గౌరవం మాత్రం పెరిగింది.

డాక్టరే లేకుండా పని జరిపిద్దామనుకున్న చోట ఏమయిందో కూడా చూశాం. అమెరికాలో 2014లో స్మైల్ డైరెక్ట్ క్లబ్ అనే కంపెనీ మొదలైంది. క్లినిక్కుకి వెళ్ళి డెంటిస్టు ముందు కూర్చోవలసిన పని లేకుండా తొడుగులు నేరుగా ఇంటికే పంపేది. 2023 డిసెంబరులో ఉన్నట్టుండి మూతపడింది. మధ్యలో ఉన్నవాళ్ళు సగం జరిగిన పళ్ళతో మిగిలిపోయారు. చీరె కొరియర్లో తెప్పించుకోవచ్చు. వైద్యం తెప్పించుకోగలమా?

అడగాల్సినవి అడుగుదాం

అర లక్ష మొదలు లక్షల దాకా పోస్తున్నప్పుడు, చీరె కొంగు తిప్పి చూసినంత శ్రద్ధ అయినా పెట్టొద్దూ? క్లినిక్కుకెళ్ళేముందు ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. 

ఒకటి: "మా అమ్మాయి బైట్ ఇప్పుడెలా ఉంది, చివరికి ఎలా ఉంటుంది?" తెర మీద ముందునుంచే కాదు, రెండు పక్కలనుంచీ చూపించమనండి.

రెండు: "ప్లాను మీరు సరిచూశారా? ఆర్థో డాక్టరు చూశారా?"

మూడు: "ఎన్నాళ్ళకోసారి చూస్తారు? వచ్చినప్పుడల్లా వెనకపళ్ళు ఆనుతున్నాయో లేదో పరీక్షిస్తారా?" తొడుగులన్నీ ఒకేసారి చేతిలో పెట్టే చోట కాస్త ఆలోచించండి.

నాలుగు: "చివర్లో వెనకపళ్ళు కలవకపోతే ఏం చేస్తారు? ఆ ఖర్చు ఈ లెక్కలోదేనా?" ఇది ముందే తేల్చుకోవాలి. తర్వాత అడిగితే గొడవ.

పళ్ళ మధ్య అరగదీయాలంటే ఎంత, ఎక్కడ అని కూడా అడగండి. కొద్దిగా అయితే ఫరవాలేదంటారు. కానీ పంటి పైపొర ఒకసారి పోతే మళ్ళీ పెరగదు.

ఇంట్లోనూ గమనించుకోవచ్చు. తొడుగు తీసిన కాసేపటికి, పళ్ళు కలిపి రెండువైపులా ఒకేలా ఆనుతున్నాయా చూసుకోమనండి. తొడుగు తీసిన వెంటనే తేడాగా అనిపించడం మామూలే, కంగారు పడొద్దు. కానీ జామకాయ, జంతిక తినడం వారాల తరబడి కష్టంగా ఉన్నా, ఒకే పన్ను ముందుగా తగిలి నొప్పెడుతున్నా ఊరుకోకండి. దవడనొప్పి ప్రతిదానికీ బైటే కారణమని కూడా అనుకోవద్దు, దానికి చాలా కారణాలుంటాయి. చూపించుకోవాలంతే. తొడుగులు పెట్టుకోవాల్సిన గంటలు తగ్గించేసి, డాక్టరుని తప్పు పట్టడమూ న్యాయం కాదు.

ఇంకో మాట, ఇది ముఖ్యంగా పెళ్ళి చేసి పంపే తల్లులకి. వైద్యం అయ్యాక పళ్ళు మళ్ళీ పాతచోటికి పోకుండా రాత్రిళ్ళు రిటైనరు పెట్టుకోవాలి. ఒక నెలో రెండు నెలలో కాదు, ఏళ్ళ తరబడి. కొత్త కాపురంలో పిల్ల సిగ్గుపడి దాన్ని సూట్‌కేసు అడుగున దాచేస్తుంది. ఏడాది తిరిగేసరికి వరసా పోతుంది, డబ్బూ పోతుంది. అందులో సిగ్గేముంది? కళ్ళజోడు పెట్టుకోవడంలేదూ! పిల్లకి ధైర్యం చెప్పి, అల్లుడికీ ఒక మాట చెవిన వెయ్యండి.

అసలు పెళ్ళి తారీఖుని చూసి పళ్ళని తొందరపెట్టడమే నాకు నచ్చని సంగతి. ఎముక పంచాంగం చూసి జరగదు. ముహూర్తానికి వైద్యం పూర్తికాకపోతే తొడుగులతోనే పెళ్ళి చేసుకోవచ్చు, తీసి డబ్బాలో పెట్టి ఫోటో దిగొచ్చు. ఆ సుఖం కోసమే కదా అవి కొన్నది! తొందరపడి మధ్యలో 'చాలు' అనిపించుకుంటే, ఆల్బం ఒక్కటే అందంగా ఉంటుంది.

పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళు పిల్ల నవ్వు అరగంట చూసి వెళ్తారు. ఆ పిల్ల ఆ పళ్ళతో ఇంకో అరవై ఏళ్ళు అన్నం తినాలి. అందుకే ఈసారి డాక్టరుగారి ముందు కూర్చున్నప్పుడు, ఎన్ని నెలలు అనేకన్నా ముందు, "మా అమ్మాయి హాయిగా నమలగలుగుతుందా అండీ?" అని అడగండి. ఆ ప్రశ్నకి ఓపిగ్గా కూర్చుని జవాబు చెప్పిన డాక్టరు, బీడీఎస్ అయినా ఎండీఎస్ అయినా, మన పిల్లని అప్పగించదగ్గ డాక్టరే. ఏమంటారు?